వల పోయాక వలస

(ఒడిశా గంజాం జిల్లాలోని బరంపురంలో తెలుగు పాఠకుల సభలో విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయిని ఒకరు చేసిన ప్రసంగం. మాట్లాడేటప్పుడు దొర్లిన పునరుక్తులు కొన్ని తీసేశాం.)

సభకు నమస్కారం.

ఈ సభ కరపత్రంలో నా ప్రసంగం పేరు ‘వాతావరణ మార్పు, వలసలు’ అని వేశారు. నేను ఇచ్చిన పేరు ‘వాతావరణ మార్పు, స్త్రీల వలస, పురుషుల వలస’. ఏమైందని అడిగితే కాగితం మీద చోటు చాలలేదన్నారు. (నవ్వులు) నిర్వాహకుల మీద నాకు కోపం లేదు. నేను ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే తంతు. వలసల పాఠంలో ఒక బాణం గుర్తు ఉండేది, పల్లె నుంచి పట్నానికి. ఆ బాణం మగదా ఆడదా అని ఏ విద్యార్థీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ బాకీ ఈరోజు కొంత తీరుస్తాను.

మొదట రంగం సంగతి. మన తీరంలో రంగూన్‌ను రంగం అనేవారు. మా అమ్మమ్మకు బర్మా అంటే తెలియదు, రంగం అంటే తెలుసు. గోపాలపూర్‌లో పొగఓడ ఎక్కితే బంగాళాఖాతం అవతల తేలేవారు. 1866 కరువు, ఒడియాలో ‘నఅంక’ అంటారే, అది గంజాంనూ వదల్లేదు. ఆ తర్వాత దశాబ్దాల్లో కరువు వచ్చినా, వర్షం తప్పినా, అప్పు పెరిగినా ఓడ కనిపించేది. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళలో మగవాళ్ళే అత్యధికులు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి దిగినప్పుడు లక్షల మంది భారతీయులు అక్కడి నుంచి పారిపోయి వచ్చారు, అందులో ఎందరో అడవుల్లో నడిచారు. ఆ నడక కథలు మా ఇంట్లోనూ విన్నాను. ‘రంగం వెళ్ళినవాడు’ అని మా ఊళ్ళో ఒక మాట ఉండేది. వెళ్ళకుండా ఉండిపోయిన ఆవిడకు మాత్రం పేరు లేదు. పదేళ్ళు ఆ ఇల్లు ఎవరు నడిపారు, అప్పు ఎవరు తీర్చారు అని మా అమ్మమ్మను అడిగితే, ‘ఎవరు తీరుస్తారే, నేనే’ అని మళ్ళీ పప్పు ఏరుకోవడంలో పడిపోయింది.

ఇప్పుడు రంగం లేదు. సూరత్ ఉంది, గుజరాత్‌లోనే చేపల రేవు వేరావల్ ఉంది, చెన్నై, మంగళూరు ఉన్నాయి. ఓడ పోయి రైలు వచ్చింది గానీ ఇంట్లో ఉండిపోయే మనిషి మారలేదు. ఉండిపోవడం కూడా వలసలో ఒక భాగమేనని, ఆ భాగాన్ని మనం లెక్క కట్టడం లేదని నా వాదన. ఈ రోజు చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

వాతావరణం గురించి రెండు ముక్కలు చెప్పుకుందాం, ఎక్కువ విసిగించను. ప్రపంచ సగటు సముద్రమట్టం 1901 నుంచి 2018 వరకు సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడు కన్నా కాస్త తక్కువ. జానెడు నీళ్ళకు అంత భయమా అని మా మేనల్లుడు అన్నాడు. వందేళ్ళకు పైగా పట్టిన ఆ జానెడు ఇప్పుడు తొందరపడుతోంది. 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. బంగాళాఖాతం ఎప్పుడూ వెచ్చని సముద్రమే, ఇంకా వేడెక్కుతోంది. వెచ్చటి నీళ్ళ మీద తుపాను త్వరగా బలం పుంజుకుంటుంది. తీరానికి రెండు రోజుల దూరంలో మామూలు వాయుగుండంగా ఉన్నది, తాకే సమయానికి అతితీవ్ర తుపానుగా మారడం మనం చూస్తూనే ఉన్నాం.

అక్టోబరు నెలను చూడండి. 1999లో అదే నెలలో రెండు తుపానులు. మొదటిది గోపాలపూర్ దగ్గర మన మీద పడింది. పన్నెండు రోజులు తిరక్కుండానే, 29న, పారాదీప్ వైపు మహాతుపాను వచ్చి దాదాపు పదివేల ప్రాణాలు తీసుకుపోయింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్, మళ్ళీ గోపాలపూర్ దగ్గరే. 2014లో అదే తేదీన విశాఖలో హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ, పలాస దగ్గర. దసరా పందిళ్ళూ తుపాను హెచ్చరికలూ ఒకేసారి వస్తాయి మన దగ్గర.

అక్టోబరులో తుపాను వస్తే ఏమవుతుందో చేపలు పట్టేవాళ్ళను అడగండి. చేపలు బాగా పడే కాలం అప్పుడే మొదలవుతుంది. నావ పగులుతుంది, వల పోతుంది. నవంబరు 1 నుంచి మే 31 వరకు రుషికుల్య ముఖద్వారం దగ్గర, తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు చేపల వేట నిషేధం. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే చోటు అది. తాబేళ్ళ మీద నాకేమీ పగ లేదు, అవి మనకన్నా పాత కాపురస్థులు. అయినా వల పోయిన ఇంటికి అక్టోబరు తుపానూ నవంబరు నిషేధమూ కలిసి ఏడు నెలల ఖాళీ అవుతుంది. ఈ ఖాళీలోకే వలస వస్తుంది. వల పోయింది కనుక వలస అని మా చికిటి వైపు ఒక పెద్దాయన నవ్వుతూ అన్నాడు. ఆయన నవ్వాడు కనుక నేనూ నవ్వాను.

ఇప్పుడు మగవాడు, ఆడది విడిపోయే చోటికి వద్దాం.

రామయపట్నం, సోనాపురం, మార్కండి, అర్జిపల్లి, గోపాలపూర్, పొదంపేట. ఇవన్నీ తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఊళ్ళు. ఒడియావాళ్ళు నోళియాలంటారు. ఈ ఊళ్ళలో పని పంపకం ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు. సముద్రంలోకి మగవాడు వెళతాడు, ఒడ్డున చేప దిగిన క్షణం నుంచి అది ఆడదాని చేతిలోకి వస్తుంది. వేరు చేసేది, వేలంలో నిలబడేది, ఉప్పు పట్టించేది, ఎండబెట్టేది, గంప నెత్తిన పెట్టుకుని సంతకు వెళ్ళేది ఆవిడ. ఇంట్లో డబ్బు పెట్టె తాళం కూడా చాలా ఇళ్ళలో ఆవిడ దగ్గరే. నేను ఒకసారి తెల్లవారుజామున అక్కడ నిలబడి చూశాను. ఇసుక మీద పాత వలలు పరిచి, వాటి మీద నెత్తళ్ళు పలుచగా చల్లుతున్నారు. ఒక పెద్దావిడ చేతిలో కొబ్బరి ఈనెల చీపురు. ఊడవడానికి అనుకున్నాను. దానితో చేపల్ని మెల్లగా తిప్పుతోంది, అట్టు తిప్పినట్టు. మబ్బు కనిపిస్తే ఊరంతా ఒకేసారి లేచి వలల అంచులు మడిచి కట్టేస్తారు. ఆ మడత పెట్టడానికి నలుగురు కావాలి. ఇద్దరే ఉంటే చేప తడుస్తుంది. తడిస్తే పురుగు పడుతుంది. అకాల వర్షాలు పెరిగిన తర్వాత ఆవిడ ఎన్నిసార్లు ఎండబెట్టిన చేపను మళ్ళీ సముద్రంలో పారబోసిందో లెక్కపెట్టి చెప్పింది. ఇది ఏ పంట నష్టం జాబితాలోనూ ఉండదు. ఎండుచేప పంట కాదు కదా.

సరే, ఈ ఇంటి మగవాడు వేరావల్ వెళ్ళాడనుకోండి. గుజరాత్ మరపడవల మీద కళాసీగా. వర్షాకాలం చివర్లో వెళ్ళి వేసవికి వస్తాడు, జీతం ఇంటికి పంపుతాడు. బయటివాళ్ళు చూసి, ఆయనకు పని దొరికింది, ఆమెకు మనియార్డరు దొరికింది అనుకుంటారు. అక్కడే పొరబడతాం. ఆవిడకు చేప ఇచ్చేది ఆయన నావే కదా? నావ ఆగిపోయింది. ఇప్పుడు ఆవిడ వేలంలో నగదు పెట్టి కొనాలి, షావుకారుతో పోటీ పడాలి. పెట్టుబడి లేదు. రెండు నెలలు చూసి గంప బోర్లించి పెడుతుంది. అంటే ఆయన వలస వెళితే ఆవిడ వ్యాపారం మూతపడింది. ఆయన కూలీ అయ్యాడు, ఆవిడ ఆయన పంపే డబ్బు కోసం ఎదురుచూసే మనిషి అయింది. తాళం ఆవిడ దగ్గరే ఉంది, పెట్టెలో వేయడానికి ఆవిడ సంపాదన లేదు. వలసకు ముందు మన ఆడవాళ్ళు ఇంటిపట్టున ఉన్నారని, మగవాళ్ళు వెళ్ళడంతో వాళ్ళకు పెత్తనం వచ్చిందని కొందరు రాస్తారు. కొండల్లో, పొలాల్లో అది కొంత నిజమేమో. మన తీరంలో తలకిందులైంది.

వేరావల్ వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను 2018 చివర్లో పాకిస్తాన్ అధికారులు సముద్రంలో పట్టుకున్నారు. ఏడాదికి పైగా అక్కడి జైల్లో ఉంచి, 2020 జనవరిలో వాఘా దగ్గర అప్పగించారు. ఆ ఏడాదంతా వినతిపత్రాలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగింది వాళ్ళ ఆడవాళ్ళు. వలస వెళ్ళకుండానే వాళ్ళు ఎంత దూరం ప్రయాణం చేశారో చూడండి.

సూరత్ గురించి చెప్పకుండా గంజాం గురించి మాట్లాడలేం. సూరత్ మరమగ్గాల మీద ఒడిశావాళ్ళు లక్షల్లో ఉన్నారు. అందులో ఎక్కువమంది గంజాం వాళ్ళే. వాళ్ళుండే గదుల్ని మెస్ అంటారు. పన్నెండు గంటల షిఫ్టు. పగటి షిఫ్టు వాడు వచ్చేసరికి రాత్రి షిఫ్టు వాడు లేచి వెళతాడు, అదే చాప మీద ఇతను పడుకుంటాడు. మా విద్యార్థి ఒకతను చెప్పాడు, ‘టీచర్, మా చాప ఎప్పుడూ చల్లారదు’ అని. అటువంటి గదిలోకి భార్యను ఎలా తీసుకెళతాడు? గది అద్దెకు తీసుకుని కాపురం పెడితే జీతం అక్కడే కరిగిపోతుంది. కనుక నగరం కట్టిన తీరే ఒంటరి మగవాడికి కట్టింది. ఈ సంగతి వాతావరణ శాస్త్రంలో ఉండదు, ఉండనక్కరలేదు. తుపాను ఊరిని ఖాళీ చేయిస్తుంది, ఎవరు ఏ రైలు ఎక్కాలో తేల్చేది ఆ చాప.

2020 మే నెలలో, లాక్‌డౌన్ వేళ, అదే సూరత్ నుంచి జగన్నాథపూర్ స్టేషనుకు శ్రామిక రైళ్ళు వచ్చాయి. వాళ్ళంతా ఇళ్ళకు చేరిన తర్వాత కొన్నాళ్ళకే ఆంఫన్ తుపాను వార్తలు. వలసను తుపాను పుట్టిస్తుందంటాం, ఆ ఏడాది వలస వెళ్ళినవాళ్ళు తుపాను కాలానికి సరిగ్గా ఇల్లు చేరారు. మన మీద అది పడలేదు, మనం బతికిపోయాం.

తుపాను రాత్రి ఎవరు చనిపోతారనేది వేరే ప్రశ్న. 1991లో బంగ్లాదేశ్‌ను ముంచిన తుపానులో సుమారు 1,40,000 మంది పోయారు. అందులో ఆడవాళ్ళు, పిల్లలు ఎక్కువ. హెచ్చరిక బజారులో ఉన్న మగవాడికి వినిపించింది. ఇంట్లో ఉన్న ఆవిడ భర్త వచ్చి చెప్పేవరకు కదలలేదు, చీర కాళ్ళకు చుట్టుకుంది, ఈత రాదు, పిల్లలు చేతుల్లో ఉన్నారు. 1999 మహాతుపాను తర్వాత ఒడిశా చాలా నేర్చుకుంది. ఫైలిన్‌కు దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. ఇది చిన్న విషయం కాదు, ప్రపంచమంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. ఆ రాత్రి పునరావాస భవనంలో ఉన్న ఒక కోడలు మాత్రం నాతో అన్నది: ‘ప్రాణం దక్కింది టీచర్, మరుగుదొడ్డి ఒక్కటే. రెండు వందల మందికి. మగవాళ్ళు వరండాలో. నేను పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు.’ తర్వాత తుపానుకు ఆవిడ చివరి నిమిషం దాకా ఇంట్లోనే కూర్చుందట. ఇది విన్నవాళ్ళు మూర్ఖత్వం అంటారు. నేను అనను.

ఇక పెళ్ళి. ఇది కాస్త నిదానంగా వినండి.

2020 జూలై నుంచి 2021 జూన్ వరకు దేశంలో జరిగిన శ్రామికశక్తి సర్వే వలసల లెక్క తీసింది. మగవాళ్ళలో వలస వచ్చినవాళ్ళు వందకు 10.7. ఆడవాళ్ళలో 47.9. లెక్క చూస్తే ఈ దేశంలో వలస ఆడవాళ్ళ పనే. కారణం అడిగితే వలస వచ్చిన ఆడవాళ్ళలో 86.8 శాతానికి ‘పెళ్ళి’ అని రాశారు. అక్కడితో కలం మూసేశారు. పెళ్ళి అని రాసిన తర్వాత ఇంకేమీ అడగనక్కర లేదు కదా! మగవాడు ఊరు విడిస్తే కరువు, అప్పు, తుపాను అని కారణాలు వెతుకుతాం. ఆడపిల్ల ఊరు విడిస్తే మేళతాళాలు.

సముద్రం కోస్తున్న ఊళ్ళో ఆ పెళ్ళి ఎందుకు ఆ ఏడాదే జరిగింది, ఎందుకు అంత దూరం, ఎందుకు ఆ వయసులో? మా దగ్గర చదివిన ఒక అమ్మాయి పదో తరగతి మధ్యలో ఆగిపోయింది. ఫైలిన్ తర్వాత ఇంటి గోడ ఒకటే మిగిలింది. తండ్రి చెన్నై వెళ్ళాలనుకున్నాడు. ఎదిగిన పిల్లను గోడలేని ఇంట్లో తల్లి దగ్గర వదిలి వెళ్ళడానికి మనసొప్పలేదు. మూడు నెలల్లో సంబంధం కుదిర్చాడు. అది వలసేనా? ఆ అమ్మాయి ఇప్పుడు ఇచ్ఛాపురం అవతల ఉంది, జనాభా లెక్కలో ‘పెళ్ళి’. నా లెక్కలో ఆమె ఫైలిన్ నిర్వాసితురాలు.

ఇక్కడ నన్ను నేను సవరించుకోవాలి. ఎప్పుడు ఆపద వస్తే అప్పుడు పిల్లకు తొందరగా పెళ్ళి చేస్తారని అందరూ అంటాం, నేనూ అనేదాన్ని. సహారా దిగువ ఆఫ్రికానూ భారతదేశాన్నీ పోల్చిన ఒక పరిశోధన నా నోరు మూయించింది. కరువు ఏడాదిలో ఆఫ్రికాలో బాల్యవివాహాలు పెరిగాయి, భారతదేశంలో తగ్గాయి. ఎందుకంటే అక్కడ ఓలి ఉంది, పెళ్ళికొడుకు వాళ్ళు డబ్బిస్తారు. ఇక్కడ కట్నం. డబ్బు వచ్చే ఇంట్లో కరువులో పెళ్ళి ముందుకు జరుగుతుంది, డబ్బు పోయే ఇంట్లో వెనక్కి జరుగుతుంది. ఇథియోపియా ఆఫ్రికాలోదే అయినా, వేరే పరిశోధనలో అక్కడ మన దేశంలో వంటిదే కనిపించింది: కరువులో మగవాళ్ళ కూలి వలస పెరిగింది, ఆడవాళ్ళ పెళ్ళి వలస తగ్గింది. ఒకే ఎండ, ఒకే మబ్బు, అన్నకు రైలు టికెట్టు, చెల్లెలికి వాయిదా. మన మత్స్యకారుల్లో, సవరల్లో మా తాతల నాటికి ఓలి ఉండేది. ఇప్పుడు కట్నం దిగింది. కనుక మన ఊళ్ళో పిల్ల కదులుతుందా ఆగుతుందా అన్నది వానను బట్టి చెప్పలేం, ఎవరు ఎవరికి డబ్బిస్తున్నారో చూడాలి.

ఇంకోటి చెప్పాలి. పొదంపేట వంటి ఊళ్ళను సముద్రం తినేసింది అనగానే వాతావరణ మార్పు అని రాసేస్తున్నారు. కొంత నిజం. మన తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. మధ్యలో ఓడరేవు కోసం రాళ్ళ కట్ట వేస్తే దక్షిణాన ఇసుక పోగవుతుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. పెళ్ళి అని రాసి ఊరుకోవడం ఎంత తప్పో, వాతావరణం అని రాసి ఊరుకోవడమూ అంతే తప్పు. ఏ మనిషినీ జవాబు చెప్పమనక్కర లేని కారణం కనుక అది అందరికీ నచ్చుతుంది.

సతభయా పేరు మీరు విని ఉంటారు. కేంద్రపడా జిల్లా. ఏడుగురు అన్నదమ్ములు అని అర్థం, ఏడు గ్రామాల సముదాయం. చాలామటుకు సముద్రంలో కలిసిపోయింది. ఆ ఊరికి పిల్లనివ్వడానికి బయటివాళ్ళు వెనకాడేవారని పత్రికలు చాలాసార్లు రాశాయి. అంటే ఆ ఊరి ఆడపిల్లలు బయటికి, ఊళ్ళోకి కోడళ్ళు రారు, మగపిల్లలు కేరళకు. అక్కడ పంచువరాహి అమ్మవారి గుడి ఉంది. పూజారులు పెళ్ళయిన మత్స్యకార దళిత స్త్రీలు. విగ్రహాలను మగవాళ్ళు తాకకూడదు, వందల ఏళ్ళ ఆచారం. 2018 ఏప్రిల్‌లో సముద్రం గుడి దాకా వచ్చింది. ఒక్కో విగ్రహం టన్ను పైమాట. అప్పుడు మొదటిసారి మగవాళ్ళను పిలిచారు, బాగపతియా పునరావాస కాలనీకి తరలించారు. తర్వాత శుద్ధి చేసి మళ్ళీ స్త్రీల చేతికే అప్పగించారు. మోతకు మాత్రం పిలిచి పంపేశారు. పునరావాస కాలనీల్లో మన ఆడవాళ్ళకు జరుగుతున్నది ఇదే కదా అని నాకు అనిపించింది. ఇల్లు సర్దేది, మూటలు మోసేది, పిల్లల్ని పట్టుకునేది వాళ్ళు. జాబితా రాసే బల్ల దగ్గరకు వచ్చేసరికి ‘మీ ఆయన్ను పిలువమ్మా’.

కాలనీ నక్షా ఒకటి నేను చూశాను. ఇళ్ళు ఉన్నాయి, రోడ్డు ఉంది, నావలు నిలిపే చోటు దాకా దారి గీశారు. చేపలు ఎండబెట్టే జాగా లేదు. అడిగితే, ‘అది బీచిలో చేసుకుంటారు కదా’ అన్నారు. బీచి ఇప్పుడు నడిచి వెళ్ళే దూరంలో లేదు. తడి చేప గంప ఎంత బరువుంటుందో ఆ గీత గీసినవాడు ఎత్తి చూడలేదు.

కొండల సంగతి త్వరగా చెప్పేస్తాను. తిత్లీ అప్పుడు గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగి మనుషులు పోయారు. పర్లాకిమిడి వైపు మగవాళ్ళు కేరళకూ బెంగళూరుకూ వెళుతున్నారు. అక్కడ ఆడపిల్లలూ కదులుతున్నారు. కుట్టుపని నేర్పి తిరుప్పూర్ వైపు బట్టల కర్మాగారాలకు పంపుతున్నారు, హాస్టళ్ళలో ఉంటారు. కాబట్టి ఆడవాళ్ళు వలస వెళ్ళరని నేను చెప్పానని బయటికి వెళ్ళి అనకండి. పెళ్ళి కాని పిల్ల వెళుతుంది, భర్త పోయిన ఆవిడ వెళుతుంది. మధ్యలో ఉన్న ఆవిడ, పిల్లలూ అత్తమామలూ ఉన్న ఆవిడ, ఆగిపోతుంది. లేదా కుటుంబంతో కలిసి వెళుతుంది. బలంగీర్, నువాపడా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వెళ్ళేవాళ్ళు అలాగే వెళతారు, భార్యాభర్తలు, పిల్లలు ఒక జట్టు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని. ఆ డబ్బు ఇంటి పెద్ద చేతికి. ఆవిడ తొక్కిన మట్టికి, కోసిన ఇటుకకు విడిగా కూలి లేదు.

ముందుగా సొమ్ము ఇచ్చి కూలీలను తీసుకెళ్ళే ఈ పద్ధతిని ఒడిశాలో దాదన్ అంటారు. పారశీక మాట, ‘ఇవ్వడం’ అని అర్థం. దాదన్ కూలీల కోసం ఒడిశా 1975లోనే చట్టం చేసింది. దాని వెనకే 1979లో కేంద్రం అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం తెచ్చింది. అందులో ఊరు విడిచినందుకు భత్యం కూడా రాశారు: నెల జీతంలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. నాకు ఆ నిబంధన అంటే ఇష్టం. ఊరు విడవడానికి ఒక ఖరీదు ఉంటుందని ఎవరో ఒకరు కాగితం మీద ఒప్పుకున్నారు. ఊళ్ళో ఉండిపోయినవాళ్ళకు పడే ఖరీదు మాత్రం ఏ నిబంధనలోనూ లేదు.

ఆ ఖరీదులో ఒకటి నీళ్ళు. తుపాను ఉప్పెన బావిలోకి ఎక్కితే చాలాకాలం ఉప్పదనం పోదు. బిందె మోసే దూరం పెరుగుతుంది. బంగ్లాదేశ్ తీరంలో ఉప్పునీళ్ళు తాగే గర్భిణులకు రక్తపోటు సమస్యలు ఎక్కువగా వస్తున్నాయని వైద్యులు గుర్తించారు. మన దగ్గర ఎవరైనా వైద్యులు ఈ సభలో ఉంటే, దయచేసి ఆ దిశగా చూడండి.

ఇంకొకటి మన దగ్గరే పుట్టిన చిక్కు, ఇతర చోట్ల లేనిది. భాష. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలో చేరింది. గీత మారింది గానీ మనుషులు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఈ ఊళ్ళలో మగవాళ్ళు రేవులో ఒడియా నేర్చారు, సూరత్‌లో హిందీ, గుజరాతీ కూడా నేర్చారు. ఆడవాళ్ళలో చాలామందికి, ముఖ్యంగా శ్రీకాకుళం వైపు నుంచి కోడళ్ళుగా వచ్చినవాళ్ళకు, తెలుగు ఒక్కటే. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ కార్యాలయం పని ఆయన చూసుకునేవాడు. ఆయన వేరావల్ వెళ్ళాక నష్టపరిహారం ఫారం ఆవిడ చేతికి వస్తుంది. అది ఒడియాలో ఉంటుంది. ఆధారానికి అడిగే ఫోను నంబరు ఆయనది, సందేశం గుజరాత్‌లో సముద్రం మధ్య ఉన్న ఫోనుకు వెళుతుంది. ఆవిడ పిన్నిగారిని, వాళ్ళ ఎదురింటి అబ్బాయిని బతిమాలి రాయించుకుంటుంది. రాసిపెట్టినందుకు ఒక వంద. తప్పు రాస్తే ఇంకో వంద.

2050 నాటికి వాతావరణం వల్ల తమ దేశంలోనే చోటు మారేవాళ్ళు ప్రపంచంలో 21.6 కోట్ల దాకా ఉండవచ్చని ప్రపంచ బ్యాంకు అంచనా, దక్షిణాసియాలో 4 కోట్ల దాకా. పెద్ద అంకెలు. అవి వినగానే నాకు మళ్ళీ ఆ బాణం గుర్తే కనిపిస్తుంది. అందుకే మేం కొందరం చిన్న లెక్క మొదలుపెట్టాం. ఒక నోటుపుస్తకం. ఒక్కో ఇంటికి ఒక పేజీ. వెళ్ళినవాళ్ళ పేరు ఒక పక్క, ఉండిపోయినవాళ్ళ పేరు ఎదురు పక్క. వెళ్ళినవాడి కింద ఎక్కడికి, ఎప్పుడు, ఎంత పంపుతాడు. ఉండిపోయిన ఆవిడ కింద ఏ పని మానేసింది, ఏ పని మొదలుపెట్టింది, ఏ ఫారం ఎన్నాళ్ళుగా ఆగి ఉంది. పెళ్ళయి వెళ్ళిన పిల్లలకు విడిగా గడి పెట్టాం, ఏ ఏడాది, ఏ తుపాను తర్వాత అని. రెండు ఊళ్ళు అయ్యాయి. ఎడమ పక్క గళ్ళు తొందరగా నిండుతున్నాయి. కుడి పక్కకు వచ్చేసరికి ఆవిడే అంటుంది, ‘నాదేముందమ్మా రాయడానికి, నేను ఇక్కడే ఉన్నానుగా’ అని. అక్కడ కూర్చోవాలి. టీ తాగాలి. అరగంట తర్వాత చెబుతుంది.

వచ్చే ఆదివారం రామయపట్నం వైపు వెళుతున్నాం, ఉదయం ఏడు గంటల బస్సు. ఒడియా చదవడం, రాయడం బాగా వచ్చినవాళ్ళు ఇద్దరు కావాలి. ఆగిపోయిన ఫారాలు పదిహేడు ఉన్నాయి, అవి అక్కడే కూర్చుని పూర్తి చేయాలి. మీ అమ్మాయిలకు ఒడియా బడిలో చదువు ఉంటే వాళ్ళను పంపినా సరే. పేర్లు బయట బల్ల దగ్గర రాసి వెళ్ళండి. మజ్జిగ కూడా అక్కడే పెట్టారు.